బాడీ ఎవరిదైతేనేం, ఇంజను ఎవరిది?

పట్నంలో అద్దెగది కోసం తిరిగిన మనవాళ్ళందరికీ ఈ ప్రశ్న తెలుసు. గది చూపిస్తారు. నీళ్ళ సంగతి, కరెంటు బిల్లు సంగతి చెప్తారు. అన్నీ కుదిరాక గుమ్మంలో నిలబడి మెల్లిగా అడుగుతారు - "ఇంతకీ మీరేమిట్లు?" జవాబు విన్నాక ఆ గది నిన్ననే ఇంకెవరికో మాటిచ్చిన గది అయిపోతుంది. ఈ ప్రశ్నకి అబద్ధం చెప్పడం మనవాళ్ళు నేర్చుకున్నారు. నిజం చెప్పి తగువు పెట్టుకోవడమూ నేర్చుకున్నారు. ఏది చేసినా, అడిగినవాడి మొహం మనకి కనపడుతుంది. వాడేం అడిగాడో మనకి తెలుస్తుంది.

ఇప్పుడు మన జేబుల్లో వున్న ఫోను ఆ ప్రశ్న అడగదు. దానికి అడిగే పని లేదు. ఎస్సీ ఉపకారవేతనం పేజీ ఎన్నిసార్లు తెరిచామో, ఏ కులం పేరుతో వున్న పెళ్ళిసంబంధాల పేజీ చూశామో, ఏ వూరి ఏ కాలనీకి దారి వెతికామో, ఏ జబ్బు గురించి అర్ధరాత్రి చదివామో, అట్రాసిటీ కేసు ఎట్లా పెట్టాలో ఎవర్నీ అడగలేక దాన్నడిగామో - ఇవన్నీ ఒకచోట పేర్చుకుంటూ పోతే జవాబు దానంతటదే తేలుతుంది. మన నోటితో చెప్పించుకోకుండానే మనమేమిట్లో తేల్చుకోగల ఏర్పాటు ఇది. వీటన్నిటినీ మనం చూసే కిటికీ పేరు బ్రౌజరు. ఆ కిటికీలోంచి మనం బయటికి చూస్తున్నామని అనుకుంటాం. బయటివాళ్ళు లోపలికి చూస్తున్నారని అనుకోం. ఏ కిటికీ పెట్టుకోవాలో ఇంకెవరో కాదు, మనమే తేల్చుకోవాలని చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

"కంప్యూటరు గొడవలు మన పత్రికలో ఎందుకు?" అని కొందరు మిత్రులు అడుగుతారని మాకు తెలుసు. అందుకే ముందు జరిగిన సంగతి చెప్తాం.

కిందటేడు మాకు తెలిసిన ఒక యువకుడు మండల కేంద్రంలో నెట్ సెంటరుకి పోయాడు. వూళ్ళో వాళ్ళ నాన్నని కొట్టారు, కులం పేరు పెట్టి తిట్టారు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు ఎట్లా రాయాలో గంటసేపు చదువుకున్నాడు. రెండు కాగితాలు ప్రింటు తీసుకున్నాడు. డబ్బులిచ్చి లేచి వచ్చేశాడు. ఆ తర్వాత అదే కుర్చీలో కూర్చున్నవాడు, కొట్టినవాళ్ళ చుట్టం. వాడు పైన అడ్రసు గడిలో ఏవో రెండక్షరాలు కొట్టగానే ముందు కూర్చున్నవాడు చూసిన పేజీల పేర్లు వరసగా కిందికి దిగాయి. సాయంత్రానికి కబురు వూరికి చేరింది. ఫిర్యాదు ఇంకా కాగితం మీదికి ఎక్కకముందే రాజీ పెద్దలు ఇంటికొచ్చి మంచమ్మీద కూర్చున్నారు.

నెట్ సెంటరువాణ్ణి తిట్టి వూరుకోవచ్చు. కానీ వాడు ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. ఆ బ్రౌజరు చూసిన ప్రతిదాన్నీ గుర్తుపెట్టుకునేట్టుగానే తయారై వచ్చింది. మరిచిపో అని ఎవరో ఒకరు పనిగట్టుకుని చెప్తే తప్ప అది మరిచిపోదు. మనిషి ఏమీ చెయ్యకుండా వూరుకుంటే ఏం జరుగుతుందో అదే అసలు రూలు. ఆ రూలు రాసింది ఎవరు, ఎవరి లాభానికి రాశారు అన్నదే ఇక్కడ ప్రశ్న.

"ప్రైవేటు కిటికీ తెరుచుకుని వుంటే సరిపోయేది కదా" అంటారు తెలిసినవాళ్ళు. నిజమే. ఆ కుర్చీలో తర్వాత కూర్చునేవాడి నుంచి అది కాపాడేది. మరి బ్రౌజరు తయారుచేసినవాడి నుంచి? క్రోమ్‌లో ఈ కిటికీ పేరు ఇన్‌కాగ్నిటో. అంటే మారువేషం. ఆ మారువేషంలో తిరిగిన వాళ్ళ జాడలు కూడా గూగుల్ పోగుచేసిందని 2020లో అమెరికాలో దావా పడింది. 2024 ఏప్రిల్‌లో గూగుల్ రాజీకొచ్చి, వందల కోట్ల రికార్డులు చెరిపేస్తానని ఒప్పుకుంది. చెరపడానికి అన్ని రికార్డులు వున్నాయంటే, ఆ మారువేషం ఎవరి కళ్ళు కప్పడానికి? పక్కింటివాడి కళ్ళు కప్పడానికే తప్ప దొరవారి కళ్ళు కప్పడానికి కాదన్నమాట!

ఇంతకీ ఎట్లా చూస్తారు? ఇందులో మంత్రమేమీ లేదు. మనం ఒక వార్తల సైటుకి పోతాం. వార్త ఆ పత్రికదే. కానీ పేజీ మూలల్లో ప్రకటనల కంపెనీవాడి ముక్కలు అతికించి వుంటాయి. ఆ ముక్క మన బ్రౌజరులో ఒక చిన్న గుర్తు పెట్టి పోతుంది. దాన్ని కుకీ అంటారు. రేపు చీరల సైటుకి పోతాం, అక్కడా అదే కంపెనీవాడి ముక్క వుంటుంది. ఎల్లుండి మందుల సైటు, అక్కడా వాడే. నిన్నటి గుర్తు చూసి ఈ మనిషి ఆ మనిషే అని పోల్చుకుంటాడు. గేదె చెవికి పోగు వేసి వదిలినట్టు. మేత ఎక్కడ మేసినా, ఏ చెరువులో పడుకున్నా నంబరు చూసి లెక్క రాసుకోవచ్చు. ఇక కుకీలు చెరిపేసినా తెర ఎంత, ఏ ఫాంట్లు వున్నాయి, ఏ భాష పెట్టుకున్నాం, టైము ఎంత పెట్టుకున్నాం అన్న చిన్న చిన్న ఆనవాళ్ళు కలిపి వేలిముద్రలాగా మనిషిని పట్టుకునే పద్ధతి ఇంకోటి వుంది. ఫోను తెలుగులో పెట్టుకున్నామా ఇంగ్లీషులో పెట్టుకున్నామా అన్నది కూడా బ్రౌజరు పోయిన ప్రతి సైటుకీ చెప్పే లోపలికి పోతుంది.

ఈ గుర్తులు ఆపడం చేతకాని పని కాదు. ఫైర్‌ఫాక్స్ 2019 సెప్టెంబరు నుంచే తెలిసిన నిఘా కుకీలని ఎవరూ అడక్కుండానే ఆపేస్తోంది. 2022 జూన్ నుంచి కంప్యూటర్లలో ఏ సైటు కుకీలని ఆ సైటు డబ్బాలోనే పెట్టి, ఒకరిది ఒకరు చూడకుండా చేసింది. యాపిల్‌వాడి సఫారీ 2020 మార్చిలో మూడోవాడి కుకీలని మొత్తానికే ఆపింది. మరి క్రోమ్? రెండేళ్ళలో తీసేస్తామని 2020 జనవరిలో చెప్పింది. వాయిదా వేసింది. మళ్ళీ వాయిదా వేసింది. 2024 జులైలో తియ్యం పొమ్మంది. జనాన్ని విడిగా ఒక ప్రశ్న అడిగి వాళ్ళ ఇష్టం కనుక్కుంటామన్న మాట కూడా 2025 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుంది.

ఎందుకు తియ్యదు? 2024లో గూగుల్ తల్లి కంపెనీకి వచ్చిన ఆదాయంలో నాలుగింట మూడు వంతులు ప్రకటనల మీద వచ్చిందే. కల్లు దుకాణం వేలం పాడుకున్నవాణ్ణి మద్యనిషేధ కమిటీకి పెద్దని చేస్తే ఏమవుతుంది? ఇక్కడా అదే అయింది. ఇంకో సంగతి చూడండి. ప్రకటనల్నీ నిఘా ముక్కల్నీ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే చిన్న పనిముట్టు ఒకటుంది. దాన్ని ఉచితంగా ఇస్తారు, లక్షలమంది వాడేవాళ్ళు. ఇట్లాంటి పనిముట్లు ఎట్లా పనిచేయాలన్న రూలుని గూగుల్ మార్చేసి, 2024, 2025ల్లో పాత పద్ధతివాటిని క్రోమ్‌లో ఆపేసింది. భద్రత కోసమే అని చెప్పింది. ఫైర్‌ఫాక్స్ మాత్రం పాత పద్ధతినీ వుంచింది. యూబ్లాక్ ఆరిజిన్ అక్కడ ఇప్పటికీ పూర్తి బలంతో పనిచేస్తోంది. భద్రతే కారణమైతే ఆ భద్రత ఎవరిది, జనానిదా, ప్రకటనలదా?

"అయితే క్రోమ్ వద్దు, ఇంకోటి పెట్టుకుంటాం, బజారులో బోలెడు వున్నాయి కదా" అనొచ్చు. ఇక్కడే మనం మోసపోతున్నాం.

విజయవాడ ఆటోనగర్‌కి పోయి చూడండి. బస్సులకి బాడీలు కడుతుంటారు. ఒకదానికి ఎర్ర రంగు, ఒకదానికి నీలం రంగు. ఒకదాని మీద వెంకటేశ్వర ట్రావెల్స్, ఇంకోదాని మీద మేరీమాత ట్రావెల్స్. సీట్లు వేరు, కర్టెన్లు వేరు. కింద ఛాసిస్సూ ఇంజనూ మాత్రం కంపెనీనుంచి వచ్చినవే. బ్రౌజర్లూ అంతే. పేజీని చదివి తెరమీద చూపించేదాన్ని ఇంజను అంటారు. నోటికి తిరిగే పేర్లు ఎన్ని వున్నా జనం రోజూ వాడుకునే పెద్ద ఇంజన్లు మూడే. గూగుల్‌ది బ్లింక్. యాపిల్‌ది వెబ్‌కిట్. మొజిల్లావాళ్ళది గెకో. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 నుంచీ గూగుల్ ఇంజను మీదే నడుస్తోంది. ఒపేరా 2013లోనే సొంత ఇంజను వదిలేసింది. బ్రేవ్, వివాల్డీ, శాంసంగ్ బ్రౌజరు - అన్నీ ఆ ఛాసిస్ మీద కట్టిన బాడీలే. ప్రపంచంలో జరిగే వాడకంలో మూడింట రెండు వంతులు ఒక్క క్రోమ్‌దే. మిగతా బాడీలు కలిపితే ఇంకా ఎక్కువ. ఐఫోను కొన్నవాళ్ళు తప్పించుకున్నామనుకోవద్దు. మన దేశంలో ఐఫోనులో ఏ పేరు బ్రౌజరు పెట్టుకున్నా లోపల ఇంజను యాపిల్‌దే.

బ్రేవ్‌లాంటివి నిఘా ముక్కల్ని బాగానే ఆపుతాయి. కాదనం. ఆ ఇంజను లెక్కలన్నీ అందరూ చదువుకునేట్టు బయటపెట్టారు. అదీ కాదనం. కానీ ఇంజను ఏ దిక్కుకి పోవాలో నిర్ణయించేది గూగుల్ జీతగాళ్ళే. వాళ్ళు రూలు మార్చిన ప్రతిసారీ మిగతావాళ్ళు ఎదురీదాలి. ఒకసారి ఈదుతారు, రెండుసార్లు ఈదుతారు. మూడోసారి ఖర్చు చూసుకుని వరద వెంబడి పోతారు. గుత్తాధిపత్యమంటే అందరి నోరూ మూయించడమే కాదు. అందరూ నీ ఛాసిస్ మీదే బాడీ కట్టుకునేట్టు చేసుకోవడం కూడా గుత్తాధిపత్యమే.

ఇది ఇంతకుముందు జరగనిదేమీ కాదు. వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధన సంస్థ 1993 ఏప్రిల్ 30న ఇది ఎవరి ఆస్తీ కాదు, అందరూ వాడుకోవచ్చు అని రాసిచ్చింది. కొన్నేళ్ళకే కొట్లాట మొదలైంది. మైక్రోసాఫ్ట్ తన విండోస్‌తో పాటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని అంటగట్టి నెట్‌స్కేప్‌ని నలిపేసింది. 1998లో అమెరికా ప్రభుత్వమే దావా వేసింది. 2000లో కంపెనీని రెండు ముక్కలు చెయ్యమని కింది కోర్టు అంది, 2001లో పై కోర్టు ఆ మాట కొట్టేసింది. ఎదురు లేని ఎక్స్‌ప్లోరర్ 2001లో వచ్చిన ఆరో రూపంలోనే 2006 దాకా కదలకుండా కూర్చుంది. మన ప్రభుత్వ సైట్లు కూడా ఇది ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తేనే బాగుంటుందని నుదుటిమీద రాసుకుని తిరిగాయి. ఆ గోడని పగలగొట్టింది కోర్టు కాదు. నెట్‌స్కేప్ 1998లో తన లెక్కలన్నీ బయటపెడితే, దానిమీద పనిచేసిన మనుషులు 2004 నవంబరులో తెచ్చిన ఫైర్‌ఫాక్స్. జనం దాన్ని ఎంచుకుని పెట్టుకోబట్టి ఆ గోడ కూలింది.

కాగితం మీద అందరిదీ అయిన చెరువు సంగతి మనకి ఒకరు చెప్పాలా? చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ 1924లో ఒప్పుకుంది. అయినా 1927 మార్చిలో బాబాసాహెబ్ జనాన్ని వెంటబెట్టుకుని దిగి తాగేదాకా ఆ నీళ్ళు మనవి కాలేదు. వెబ్ కూడా కాగితం మీద అందరిదే. గట్టుమీద ఎవరు కూర్చున్నారో చూడాలి.

గట్టుమీద కూర్చోడానికి ఎంత పోస్తున్నారో లెక్కలు కోర్టులోనే బయటపడ్డాయి. మామూలుగా ఫోను తెరవగానే వెతుకులాటకి గూగులే రావాలని, ఫోను కంపెనీలకీ బ్రౌజరు కంపెనీలకీ గూగుల్ 2021 ఒక్క సంవత్సరంలో 2,630 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2022లో ఒక్క యాపిల్‌కే 2,000 కోట్ల డాలర్లు. వెతుకులాటలో గూగుల్ చట్టాన్ని మీరి గుత్తాధిపత్యం నడుపుతోందని అమెరికా కోర్టు 2024 ఆగస్టు 5న తీర్పు చెప్పింది. శిక్ష దగ్గరికొచ్చేసరికి 2025 సెప్టెంబరులో, క్రోమ్‌ని అమ్మక్కర్లేదంది, డబ్బులిచ్చుకోవడమూ మానక్కర్లేదంది, మమ్మల్ని తప్ప ఇంకెవర్నీ పెట్టుకోకూడదన్న ఒప్పందాలు మాత్రం కుదరవంది. మన దేశంలో పోటీ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ ఫోన్ల వ్యవహారంలో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పీలు ట్రిబ్యునలు 2023 మార్చిలో జరిమానాని నిలబెట్టింది. అయినా ఈ రోజు కొత్త ఫోను కొని చూడండి. క్రోమ్ ముందే కూర్చుని వుంటుంది. చాలా ఫోన్లలో దాన్ని పీకెయ్యడానికి వీల్లేదు, నిద్రపుచ్చడం వరకే.

ఇక దేశభక్తుల వాదం ఒకటుంది. విదేశీ కంపెనీలెందుకు, దేశీ బ్రౌజరు వాడదాం అంటారు. కేంద్ర ఐటీ శాఖ 2023 ఆగస్టులో దేశీ బ్రౌజరు పోటీ పెట్టింది. 2025 మార్చిలో జోహో కంపెనీకి మొదటి బహుమతి కోటి రూపాయలు ఇచ్చింది. ఆ కంపెనీ 2023లో తెచ్చిన వుల బ్రౌజరు దేనిమీద నిలబడి వుంది? మళ్ళీ అదే క్రోమియం మీద. జోహో చెడ్డదని మేం అనడం లేదు. బాడీ చెన్నైలో కట్టినంత మాత్రాన ఇంజను మనదైపోదని అంటున్నాం.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఆ పోటీ రూల్లోనే వుంది. భారత ప్రభుత్వపు మూల ధ్రువపత్రాన్ని బ్రౌజరు లోపలే పెట్టి ఇవ్వాలన్నారు. ఇదేమిటో తెలుసుకోవాలి. మనం బ్యాంకు సైటుకి పోతే, ఇది నిజంగా ఆ బ్యాంకుదే అని సాక్ష్యం చెప్పే పత్రం ఒకటి వుంటుంది. ఎవరి సంతకం వున్న పత్రాన్ని నమ్మాలో బ్రౌజరే నిర్ణయిస్తుంది. ఆ సంతకం అధికారం చెడ్డచేతుల్లో పడితే దొంగ సైటు కూడా అసలు సైటులాగే కనపడుతుంది, మధ్యలో కూర్చుని మన వుత్తరాలు చదవొచ్చు. ఇది వూహ కాదు. మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సంతకంతో గూగుల్, యాహూ సైట్ల పేరున చెల్లని పత్రాలు బయటికొచ్చాయని 2014 జులైలో తేలింది. గూగులే పట్టుకుంది. బ్రౌజర్లవాళ్ళు ఆ సంతకాల్ని నమ్మడం మానేశారు. అదే ప్రభుత్వ సంతకాన్ని తప్పనిసరిగా నమ్మే దేశీ బ్రౌజరు ఒక్కటే దేశమంతా వుండి వుంటే, అప్పుడు అడిగేదెవరు? దొర తెల్లవాడైనా నల్లవాడైనా దొరతనం దొరతనమే. వూరి కరణం మనవూరివాడే కదా అని దస్తరం మొత్తం వాడి చేతిలో పెడితే ఏమైందో మన తాతల భూములు చెప్తాయి.

చట్టం వుంది కదా అంటారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి 2017 ఆగస్టు 24న చెప్పింది. మంచి తీర్పు, దాన్ని వదులుకోం. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి. కానీ తన సంస్థల్ని ఆ చట్టం నుంచి తప్పించుకునే దారి ప్రభుత్వం తనకి తనే రాసుకుంది. హక్కు కాగితం మీద వున్నంతకాలం తాళం మన చేతిలో వుంచుకోవడం మన పనే.

మరి ఏది వాడాలి? మా మాట సూటిగా చెప్తాం. ఫైర్‌ఫాక్స్ వాడండి. అది దేవుడిచ్చిందని కాదు. గూగుల్‌దీ యాపిల్‌దీ కాని ఇంజను, రోజూ పనికొచ్చేది, అదొక్కటే మిగిలింది కాబట్టి.

దాని లోపాలు దాచి మీకు అంటగట్టం. మొజిల్లా తిండి గూగుల్ గిన్నెలోంచే వస్తోంది. 2025 మేలో కోర్టులో ఆ కంపెనీ ఆర్థిక అధికారే చెప్పాడు: తమ ఆదాయంలో నూటికి తొంభై వంతులు ఫైర్‌ఫాక్స్ మీద వచ్చేదే, అందులో ఎనభై అయిదు వంతులు గూగుల్ ఇచ్చేదే. 2024 జులైలో ప్రకటనలవాళ్ళకి లెక్కలు చెప్పే ఒక ఏర్పాటుని ఎవర్నీ అడక్కుండా ఫైర్‌ఫాక్స్‌లో పెట్టి తిట్లు తింది. 2025 ఫిబ్రవరిలో మీ సమాచారం ఎప్పుడూ అమ్మం అన్న పాత మాటని తన పేజీల్లోంచి తీసేసి మళ్ళీ తిట్లు తింది. ఆ తిట్లు తిట్టినవాళ్ళలో మేమూ వున్నాం. తిట్టవలసినప్పుడు తిడతాం. కానీ తిట్టి క్రోమ్‌కి పోవడం మాత్రం అప్పిచ్చిన షావుకారు మీద కోపంతో జమీందారు వాకిట్లో పడుకోవడమే అవుతుంది.

మొజిల్లాని నమ్మనివాళ్ళకి దారి వుంది. అదే ఇంజను తీసుకుని, కంపెనీకి కబుర్లు పంపే భాగాలన్నీ పీకేసి, యూబ్లాక్ ఆరిజిన్ ముందే పెట్టి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు లిబ్రెవుల్ఫ్ అని ఇస్తున్నారు. వేలిముద్ర పద్ధతిని గట్టిగా అడ్డుకునే ముల్వాడ్ బ్రౌజరు 2023లో వచ్చింది, టోర్ ప్రాజెక్టువాళ్ళు చేశారు. ఈ రెండూ కంప్యూటర్లకే, ఫోన్లకి లేవు. ఇక టోర్ బ్రౌజరు ఫోనులో కూడా వుంది. మనం ఎక్కడనుంచి చూస్తున్నామో సైటుకి తెలియదు. మనం టోర్ వాడుతున్నామని నెట్ కంపెనీకి తెలుస్తుంది గానీ ఏం చూస్తున్నామో తెలియదు. నెమ్మదిగా నడుస్తుంది. పాట వినడానికి కాదు, కేసు గురించి చదువుకోవడానికి పనికొస్తుంది. ఎవరి ఇంజనూ తీసుకోకుండా మొదటి ఇటుక నుంచి కడుతున్నవాళ్ళూ వున్నారు. 2024లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడిన లేడీబర్డ్ ఒకటి. మొజిల్లా 2012లో మొదలుపెట్టి 2020లో మనుషుల్ని తీసేసి వదిలేస్తే, 2023 నుంచి లినక్స్ ఫౌండేషన్ యూరప్ నీడలో నడుస్తున్న సెర్వో ఇంకోటి. వీటిమీద కన్నేసి వుంచండి. రేపటి పంట ఇవి, ఇవాళ్టి కూడు కాదు.

చెయ్యాల్సిన పని కొంచెమే. ఫోనులో ఫైర్‌ఫాక్స్ పెట్టుకోండి, లింకు నొక్కితే అదే తెరుచుకునేట్టు మార్చుకోండి. స్టోరులోంచే తీసుకోండి, ఎవరో పంపిన ఫైలు నొక్కొద్దు. తెలుగువాళ్ళు కొందరు జీతం బత్తెం లేకుండా దాని మాటలన్నీ తెలుగు చేశారు, కాబట్టి తెలుగులోనే పెట్టుకోవచ్చు. యూబ్లాక్ ఆరిజిన్ తగిలించండి, అది ఆండ్రాయిడ్ ఫోనులో కూడా పనిచేస్తుంది. నిఘా రక్షణని అన్నిటికంటే గట్టి మెట్టుకి పెట్టండి. మొజిల్లాకి సమాచారం పంపే టిక్కులు తీసెయ్యండి. అక్షరం కొట్టగానే సలహాలిచ్చే ఏర్పాటు ఆపండి, ఎందుకంటే ఆ సలహా కోసం మీ అక్షరాలు వెతుకులాట కంపెనీకి పోతాయి. వెతకడానికి డక్‌డక్‌గో పెట్టుకోవచ్చు. దాని ఫలితాలు చాలావరకు మైక్రోసాఫ్ట్ దగ్గర తెచ్చుకునేవే, కానీ మన చరిత్ర దాచుకోనంటుంది. ఏదైనా ప్రభుత్వ సైటు ఇందులో తెరుచుకోకపోతే ఆ ఒక్క పనికీ వేరే బ్రౌజరు వాడి మూసెయ్యండి, ఆ తర్వాత ఆ శాఖకి ఒక ఫిర్యాదు రాయండి. నెట్ సెంటరులో అయితే ప్రైవేటు కిటికీలోనే కూర్చోండి, పాస్‌వర్డు గుర్తుపెట్టుకోమంటావా అంటే వద్దనండి, లేచేముందు లాగౌటయి అన్నీ మూసి లేవండి.

ఇవన్నీ చేస్తే ఇక మనల్ని ఎవరూ చూడలేరని చెప్తే అది ఇంకో మోసం. నెట్ కంపెనీకి సైట్ల పేర్లు కనపడుతూనే వుంటాయి. ఫోనులో పెట్టిన యాప్‌లు వాటి దారిన అవి పోగుచేస్తూనే వుంటాయి. పెగాసస్ అనే నిఘా సాధనాన్ని మన దేశంలో జర్నలిస్టుల మీదా హక్కుల కార్యకర్తల మీదా వాడారని 2019లో వాట్సాపే బయటపెట్టింది. అట్లాంటిదాన్ని బ్రౌజరు ఆపలేదు. తలుపుకి గొళ్ళెం పెట్టుకుంటే గోడకి కన్నం వేసేవాడు ఆగడు. అట్లాగని తలుపు బార్లా తెరిచి పడుకుంటామా?

"మనకి దాచుకునేదేముంది?" అనేవాళ్ళని మేం ఒకటే అడుగుతాం. అద్దెగది గుమ్మంలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు మీకు నోరు పెగలక ఆగిన ఆ ఒక్క క్షణం గుర్తుందా? మీరు దాచింది తప్పు కాదు. దాన్ని తప్పుగా చూసే కళ్ళు ఎదురుగా వున్నాయి, అంతే. ఆ కళ్ళు వున్నంతకాలం ఏది చెప్పాలో, ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మన చేతిలో వుండాలి. సభలో మైకు పట్టుకుని మన పేరు మనం చెప్పుకోవడం వేరు, ఇంకొకడు మన వెనక దస్తరం రాసుకోవడం వేరు.

"ఇంతకంటే పెద్ద సమస్యలు లేవా?" అనేవాళ్ళకీ ఒక మాట. వున్నాయి. భూమి వుంది, వుద్యోగం వుంది, శ్మశానానికి దారి కూడా లేని వూళ్ళు వున్నాయి. ఆ సమస్యల మీద చదువుకునేదీ, దరఖాస్తు పెట్టేదీ, కబురు పంపుకునేదీ ఇప్పుడు ఈ కిటికీలోంచే. ఆ యువకుడి కేసు పెద్ద సమస్యే కదా? అది కాగితం మీదికి ఎక్కకముందే ఆగిపోయింది దేనివల్ల?

చివరగా, ఉచితం అన్న మాట గురించి. ఈ పత్రిక మీ చందాలతో బతుకుతోంది కాబట్టి ప్రకటనలవాడికి జవాబు చెప్పక్కర్లేకుండా రాస్తున్నాం. బ్రౌజరుకీ అదే న్యాయం. మొజిల్లా ఫౌండేషన్‌కి ఇచ్చే చందా ఫైర్‌ఫాక్స్ తయారీకి పోదు. అది మారాలని అడగాలి. థండర్‌బర్డ్ అనే వుత్తరాల సాఫ్ట్‌వేరు వాడుకునేవాళ్ళ చందాలతోనే నడుస్తోంది. అంటే జనం డబ్బుతో నడవడం సాధ్యమే. కంప్యూటరు చదువుతున్న మన పిల్లలు వేలల్లో వున్నారు. వాళ్ళు పెద్ద కంపెనీల వాకిట్లో వరసగా నిలబడే కాలంలో కొంతైనా ఈ ఇంజన్ల దగ్గర పనిచేయాలి. తప్పులు పట్టాలి, తెలుగు చేయాలి, మరమ్మతు నేర్చుకోవాలి. బాడీలు కట్టడం మనకి వచ్చు. ఇంజను విప్పి చూడడం నేర్చుకోవాలి.

మా ఆఫీసులో వున్న ఒక్క కంప్యూటరులోనూ, మా అందరి ఫోన్లలోనూ మార్చేశాం. మొదటి వారం విసుగొచ్చింది, రెండోవారానికి అలవాటైంది. వచ్చే సంచిక చేతికందేలోపు మీరూ మార్చండి. ఒక్కళ్ళు కాదు, హాస్టల్లో పక్కమంచం వాడిది మార్చండి, అమ్మ ఫోను మార్చండి, మీ వూరి నెట్ సెంటరువాడితో మాట్లాడి వాడిదీ మార్పించండి. ఎక్కడ ఆగిపోయిందో, ఏ సైటు తెరుచుకోలేదో మాకు రాయండి. వేస్తాం.